మెట్ల మీద నూనె

రెండేళ్ళ క్రితం నేను నడిపిన ఒక రోల్‌ప్లేయింగ్ గేమ్ సెషన్‌లో జరిగిన చిన్న సంగతి ఇప్పటికీ నన్ను వదల్లేదు. పాడుబడిన కోట, ఇరుకు మెట్లు, పైన మా వాళ్ళు నలుగురు, కింద నుంచి ఆరుగురు గాబ్లిన్లు, అంటే చిన్న రాక్షసులు, పరిగెత్తుకుంటూ వస్తున్నారు. దొంగ క్యారెక్టర్ ఆడుతున్న అమ్మాయి మామూలుగా ఎక్కువ మాట్లాడదు. తన వంతు రాగానే "నా దగ్గర లాంతరు నూనె సీసా ఉంది కదా, మెట్ల మీద పోసేస్తాను" అంది. అంతే, ఒక్క ముక్క. మేం ఆడుతున్నది చాలా చిన్న రూల్‌బుక్ ఉన్న గేమ్, అందులో నూనె గురించి ఏమీ లేదు, ఎవరైనా కొత్త పని చేస్తే ఇరవై ముఖాల డైస్ వేయించి ఆట నడిపే జీఎం తేల్చాలి అని మాత్రం ఉంది. "సరే, వేయి" అన్నాను. 14 పడింది. "ఇద్దరు జారిపడ్డారు, మిగతా నలుగురూ వాళ్ళను తొక్కుకుంటూ పైకొచ్చేశారు" అన్నాను. తను తలూపి, తన క్యారెక్టర్ వివరాలు రాసుకునే షీట్‌లో నూనె సీసా కొట్టేసుకుంది.

తర్వాతి వారం ఇంకో ప్లేయర్, మంచి మాటకారి, కావలివాళ్ళ కాళ్ళ కింద ఇనప గోళీల సంచి ఒలకబోశాడు. నేల నున్నటి రాయి అన్నాడు, చీకట్లో గోళీలు కనబడవన్నాడు, వాళ్ళు బరువైన కవచాలు వేసుకుని ఉన్నారు కాబట్టి ఒకడు తూలితే పక్కవాడిని పట్టుకుంటాడు, ఇద్దరూ కలిసి పడతారు అన్నాడు. రెండు మూడు నిమిషాలు అలా చెప్పుకుంటూ పోతే నాకు అదంతా కళ్ళకు కట్టినట్టు కనిపించింది. డైస్ 13 పడింది. "అయిదుగురూ పడ్డారు" అన్నాను. సెషన్ అయిపోయి అందరూ లేచాక ఆ అమ్మాయి ఆగి అడిగింది. "నాకు 14 వస్తే ఆరుగురిలో ఇద్దరు. అతనికి 13 వస్తే అయిదుగురికి అయిదుగురు. తేడా ఎక్కడుంది?" కోపంగా కాదు, నిజంగా తెలుసుకుందామనే అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

ఆ ప్రశ్న తర్వాతే రూల్స్ గురించి నేను గట్టిగా ఆలోచించడం మొదలుపెట్టాను. అప్పటిదాకా నేను రూల్స్ తక్కువుంటే ఊహకు చోటెక్కువ అని నమ్మినవాణ్ణి, ఎవరైనా లావుపాటి రూల్‌బుక్ తెచ్చి టేబుల్ మీద పెడితే నీరసం వచ్చేది.

ఈ ఆటలతో పరిచయం లేనివాళ్ళ కోసం రెండు మాటలు. టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ గేమ్‌లో ప్లేయర్ "నా క్యారెక్టర్ ఈ పని చేస్తుంది" అంటాడు, దానివల్ల ఏం జరిగిందో ఎవరో ఒకరు తేల్చాలి. కొన్నిచోట్ల పుస్తకమే తేల్చేస్తుంది: ఇంత దూరం, ఇన్ని డైస్, ఇంత దెబ్బ. వీటిని బిగుతు రూల్స్ అందాం. కొన్నిచోట్ల పుస్తకం ఒక దారి చూపించి మిగతాది గేమ్ మాస్టర్‌కి, అంటే జీఎంకి, వదిలేస్తుంది. అవి వదులు రూల్స్. ప్రతి గేమ్‌లోనూ రెండూ ఉంటాయి, పాళ్ళు మాత్రం వేరు.

బిగించాలా, వదలాలా అనే ఈ తగువు మన హాబీ కంటే చాలా పాతది. 1824లో ప్రష్యా సైన్యంలో రైస్‌విట్జ్ అనే యువ లెఫ్టినెంట్ అధికారుల శిక్షణ కోసం క్రీగ్‌ష్పీల్ అనే యుద్ధక్రీడను తయారుచేసి పై అధికారులకు చూపించాడు. మ్యాప్ మీద దళాలకు గుర్తుగా దిమ్మెలు, డైస్, ఎవరు ఎంత నష్టపోయారో చెప్పే పట్టికలు, మధ్యలో అంపైర్. చాలా పకడ్బందీ ఆట. కాలక్రమంలో ఆ పట్టికలే భారమయ్యాయి, చిన్న ఘర్షణ తేల్చడానికి కూడా లెక్కలు. 1876లో వెర్డీ దు వెర్నువా అనే అధికారి పట్టికలూ డైసూ పక్కన పెట్టండి, అనుభవమున్న అంపైర్ చెప్పిందే ఫలితం అన్నాడు. ఆట వేగం పెరిగింది. కానీ అదంతా ఆ అంపైర్ మీదే ఆధారపడి ఉంది. యుద్ధం చూసినవాడు కూర్చుంటే సరే, లేకపోతే ఓడిపోయిన అధికారికి తన ఎత్తుగడ తప్పా, అంపైర్ ఆలోచన తప్పా తెలిసే దారి లేదు. మెట్ల మీద నూనె పోసిన అమ్మాయిది సరిగ్గా ఇదే పరిస్థితి. తను చేసిన పని బలహీనమైనదా, లేక నాకు ఆ పని సరిగా కనబడలేదా? నాకు కనబడలేదు, అదే నిజం.

1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్‌ల రోల్‌ప్లేయింగ్ గేమ్ డంజన్స్ అండ్ డ్రాగన్స్ మూడు చిన్న పుస్తకాలుగా వచ్చింది. వాటి నిండా ఖాళీలే. ఆ ఖాళీలను ఎవరి టేబుల్ దగ్గర వాళ్ళు తమకు తోచినట్టు పూడ్చుకున్నారు, అదే పేరుతో ఎక్కడికక్కడ వేరే ఆట తయారైంది. కొత్త టేబుల్ దగ్గరికి వెళ్తే మన క్యారెక్టర్ అక్కడ చెల్లుతుందో లేదో తెలీదు, పోటీలు పెడితే అందరికీ ఒకే కొలబద్ద లేదు. అందుకే 1977 నుంచి 1979 వరకు అడ్వాన్స్‌డ్ వెర్షన్ పుస్తకాలు ఒక్కొక్కటిగా తెచ్చారు, గైగాక్స్ అప్పుడు అందరూ ఒకే రకంగా ఆడాలని గట్టిగా పట్టుబట్టాడు. ఖాళీలు వదిలినవాళ్ళలో ఒకరే వాటిని మూయడానికి కూర్చోవడం నాకు చాలా సహజంగా అనిపిస్తుంది. నేనూ తర్వాత అదే చేశాను, ఆ సంగతికి వస్తాను.

ఒక రూల్ రాయగానే ఏదో కొత్తగా చేరింది అనుకుంటాం. చాలాసార్లు ఏదో పోతుంది కూడా. దొంగ క్లాసే చూడండి, క్లాస్ అంటే క్యారెక్టర్ చేసే వృత్తి. మొదటి మూడు పుస్తకాల్లో దొంగ లేడు, 1975లో గ్రేహాక్ అనే అదనపు పుస్తకంతో వచ్చాడు, ఉచ్చుల్ని నిర్వీర్యం చేయడం, తాళాలు తీయడం, చప్పుడు లేకుండా నడవడం లాంటివి ఇన్ని శాతం అనే లెక్కలతో సహా. అంతకుముందు ఉచ్చు దగ్గర ఏం చేసేవాళ్ళు? నోటితో చెప్పేవాళ్ళు. "పది అడుగుల కర్రతో ముందున్న రాయిని నొక్కి చూస్తాను", "నేల మీద నీళ్ళు పోస్తాను, ఎక్కడైనా ఇంకిపోతున్నాయా చూస్తాను". అది ఎవరైనా చేయొచ్చు, కత్తి పట్టిన యోధుడైనా సరే. దొంగకు శాతం రాసిన రోజు నుంచి మిగతావాళ్ళకు ఒక ప్రశ్న వచ్చిపడింది: నా షీట్‌లో ఆ వరస లేదు, మరి నేను ప్రయత్నించవచ్చా? పుస్తకం వద్దని ఎక్కడా అనలేదు. అయినా చాలా టేబుళ్ళ దగ్గర మిగతావాళ్ళు మానేశారు, దొంగ కూడా చెప్పడం మానేసి "ఉచ్చులు వెతుకుతాను" అని డైస్ వేయడం మొదలుపెట్టాడు. వదులు రూల్స్‌ను ఇష్టపడేవాళ్ళు ఈ ఉదాహరణను ఎన్నేళ్ళయినా మర్చిపోకపోవడంలో న్యాయం ఉంది. 2008లో మ్యాట్ ఫించ్ రాసిన చిన్న పుస్తకంతో "రూల్స్ కాదు, రూలింగ్స్" (అంటే జీఎం అప్పటికప్పుడు ఇచ్చే తీర్పులు) అనే మాట బాగా జనంలోకి వెళ్ళింది, దాని వెనకున్నది ఈ బాధే.

అయితే బిగుతు రూల్స్ అన్నీ ఒక్క జాతివి కావు. ఇది నాకు డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లోని ఫైర్‌బాల్ అనే నిప్పు స్పెల్ (మంత్రం) చూస్తే అర్థమైంది. 2014లో వచ్చిన అయిదో ఎడిషన్‌లో ఫైర్‌బాల్ అంటే 150 అడుగుల దూరం దాకా వేయొచ్చు, 20 అడుగుల వ్యాసార్ధం, ఆరు ముఖాల డైస్ ఎనిమిది వేస్తే వచ్చినంత దెబ్బ, సేవ్ చేసుకున్నవాళ్ళకు, అంటే డైస్ వేసి తప్పించుకున్నవాళ్ళకు, సగం. ఎక్కడ వేసినా అంతే. మైదానంలో వేసినా, ఇరుకు సొరంగంలో వేసినా మంట 20 అడుగులు దాటదు. అదే స్పెల్ 1978 నాటి పుస్తకంలో వేరుగా ఉండేది. అక్కడ మంట 33,000 ఘనపుటడుగుల చోటు నింపుతుంది. ఇది కూడా అంకే, ఇదీ బిగుతు రూలే. కానీ పది అడుగుల వెడల్పు, పది అడుగుల ఎత్తు ఉన్న సొరంగంలో వేస్తే ఏమవుతుందో లెక్క కట్టండి. ఒక్కో అడుగు పొడవుకు వంద ఘనపుటడుగులు, అంటే మంట 330 అడుగుల పొడవున పాకుతుంది, అటు 165, ఇటు 165. వంద అడుగుల అవతల ఉన్న శత్రువు మీద వేసిన మంట మీ ముఖం మీదికి తిరిగొస్తుంది.

నాకు ఈ రెండో రకం బిగుతు అంటే చాలా ఇష్టం. అది ఆ లోకంలో నిప్పు ఎలా నడుచుకుంటుందో చెబుతుంది, మిగతాది ప్లేయర్ ఆలోచించుకోవచ్చు, ఆ ఆలోచనకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. తలుపు మూసి వేస్తే? చిన్న గదిలో వేస్తే? జవాబు జీఎం మూడ్ మీద లేదు, గది కొలతల్లో ఉంది. ఒకటే అంకె, దానిలోంచి వంద ఎత్తుగడలు. 2008లో వచ్చిన నాలుగో ఎడిషన్ దీనికి పూర్తిగా ఎదురు దిక్కుకు వెళ్ళింది, అక్కడ దూరాలన్నీ గళ్ళలో కొలుస్తారు, ఫైర్‌బాల్ మ్యాప్ మీద ఏడు గళ్ళ బై ఏడు గళ్ళ చదరం. గుండ్రటి మంట చతురస్రంగా పడుతుంది. ఆ ఎడిషన్‌లోనే పడగొట్టే పవర్ ఏదైనా ఒళ్ళంతా జావలా ఉండే ఊజ్ మీద వాడినా అది "పడిపోయినట్టే", కాళ్ళు లేని జీవి ఎలా పడిందని అడగొద్దు. ఇందులో లాభం ఉంది, మీ పవర్ ఎప్పుడూ పని చేస్తుందని మీకు భరోసా ఉంటుంది. నాకు మాత్రం ఆ క్షణంలో ఊజ్ మాయమైపోయి మ్యాప్ మీద ప్లాస్టిక్ బొమ్మ మిగులుతుంది.

ఇక రెండో పక్క చూడండి. అయిదో ఎడిషన్‌లో ఫైర్‌బాల్ ఉన్న అదే పుస్తకంలో సజెషన్ అనే స్పెల్ ఉంది. ఎదుటివాడికి ఒకటి రెండు వాక్యాల్లో ఒక పని చెబుతారు, ఆ పని సబబుగా వినిపించేలా చెబితే, వాడు సేవ్ చేసుకోలేకపోతే, చేస్తాడు. సబబుగా అంటే ఎవరికి సబబు? ఒక టేబుల్ దగ్గర "నీ గుర్రం ఈ బిచ్చగాడికి ఇచ్చేయి" సబబు, ఇంకో టేబుల్ దగ్గర "కాపలా వదిలి భోజనానికి వెళ్ళు" అన్నా కుదరదు. ఫైర్‌బాల్ వేసే మంత్రగత్తెకు తన స్పెల్ ఏం చేస్తుందో ఇంట్లో కూర్చుని చదివితే తెలిసిపోతుంది. సజెషన్ ఎంచుకున్న మంత్రగత్తెకు తన జీఎం ఎలాంటివాడో తెలియాలి. రెండు స్పెల్స్ పక్కపక్కనే ఉంటాయి, రెండింటికీ స్పెల్ స్లాట్, అంటే పరిమితంగా ఉండే మంత్రం వాడే అవకాశం, ఖర్చవుతుంది, కానీ ఒకటి ఆస్తి, ఒకటి ఆశ.

గట్టిగా రాస్తే గొడవ ఉండదు అనుకుంటే అదీ నిజం కాదు. నీళ్ళు పుట్టించే స్పెల్‌ను తీసుకోండి, పది గ్యాలన్ల మంచినీళ్ళు "మూత లేని పాత్రలో" పుడతాయి. పాత్ర అనే మాట హద్దు గీయడానికే పెట్టారు. "మనిషి ఊపిరితిత్తులు కూడా పాత్రే కదా, నోరు తెరిచి ఉంది కదా" అనే ప్లేయర్ ఏదో ఒక రోజు ప్రతి జీఎంకీ తగులుతాడు. నేను ఒప్పుకోను, ఎందుకంటే మొదటి లెవెల్ స్పెల్‌తో ఎవరినైనా ముంచి చంపొచ్చంటే ఇంక ఆ ఆటలో కత్తులెందుకు? కానీ నేను అలా కాదన్నప్పుడు పుస్తకం చదివి కాదనడం లేదు, ఆట మొత్తం మనసులో పెట్టుకుని కాదంటున్నాను. ఎంత బిగించినా చివరి మర ఒక మనిషి చేతిలోనే ఉంటుంది.

మళ్ళీ ఆ అమ్మాయి దగ్గరికి. ఎవరూ చెప్పగా నేను వినని విషయం ఒకటి తన ప్రశ్నలో ఉంది. వదులు రూల్స్ అందరికీ సమానంగా స్వేచ్ఛ ఇవ్వవు, మాట్లాడగలిగిన వాళ్ళకు ఎక్కువిస్తాయి. జీఎం మనిషి, కళ్ళకు కట్టినట్టు చెబితే కరుగుతాడు. నాతో చనువున్న ప్లేయర్, గొంతు పెద్దదైన ప్లేయర్, నా అభిరుచి తెలిసిన ప్లేయర్, వీళ్ళ నూనె ఎక్కువ జారుతుంది. కొత్తగా వచ్చినవాళ్ళు, బిడియస్తులు, పది మందిలో నోరు తెరవాలంటేనే టెన్షన్ పడేవాళ్ళు ఒక్క వాక్యం చెప్పి ఊరుకుంటారు, ఆ ఒక్క వాక్యానికి తగ్గ ఫలితమే పుచ్చుకుంటారు. వీళ్ళకు బిగుతు రూల్ రక్షణ. అందులో రాసింది ఎవరు అడిగినా ఒకటే. ఆ అమ్మాయి వేరే గ్రూప్‌లో పాత్‌ఫైండర్ రెండో ఎడిషన్ అనే గేమ్ ఆడేటప్పుడు నేను చూశాను, అదే మనిషి, అక్కడ ఎంత నిబ్బరంగా ఉందో. ఏ ఫీట్ (క్యారెక్టర్ ప్రత్యేక నైపుణ్యం) దేనితో కలిస్తే ఏమవుతుందో ముందే చూసుకుని వచ్చి, తన వంతులో ఎవరి ముఖమూ చూడకుండా మూడు యాక్షన్లు చకచకా చెప్పేసింది. ఆ గేమ్‌లో ఒక్క వంతుకు సరిగ్గా మూడు యాక్షన్లు, ఒక్కోదానికి ఖరీదు రాసి ఉంటుంది. నేను నీరసపడే ఆ లావు పుస్తకమే తనకు గొంతు ఇచ్చింది.

అలాగని నేను ఆ పక్కకు మారిపోలేదు. నాకు నూనె కావాలి, గోళీలు కావాలి, ఏ పుస్తకంలోనూ లేని పని ఎవరో చెప్పగానే టేబుల్ అంతా ముందుకు వంగే ఆ క్షణం కావాలి. దానికోసమే నేను ఇన్నేళ్ళుగా జీఎంగా కూర్చుంటున్నాను.

గేమ్ డిజైనర్ జోనథన్ ట్వీట్ సంగతి తెలిశాక నాకు కొంచెం దారి దొరికింది. 1992లో ఆయన చేసిన ఓవర్ ది ఎడ్జ్ అనే గేమ్‌లో క్యారెక్టర్ అంటే మన మాటల్లో మనం రాసుకున్న నాలుగు లక్షణాలు, అందులో ఒకటి లోపం. అంతకంటే వదులుగా చేయడం కష్టం. అదే మనిషి 2000లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ మూడో ఎడిషన్ రూపకర్తల్లో ఒకరు, ఫీట్లు, స్కిల్ పాయింట్లు, కుస్తీ పట్టుకు కూడా అంచెలంచెలుగా రూల్స్ ఉన్న ఎడిషన్ అది. కాబట్టి ఇది స్వభావాల తగాదా కాదు, ఎక్కడ బిగించాలి, ఎక్కడ వదలాలి అనే పని. ఫేట్ అనే గేమ్ దీన్ని చాలా తేలిగ్గా చూపిస్తుంది. అందులో ఆస్పెక్ట్, అంటే క్యారెక్టర్ గురించి రాసుకునే వర్ణన, ఏ మాటైనా కావచ్చు, "అప్పులవాళ్ళకు దొరకని మనిషి" అని రాసుకోవచ్చు. దాన్ని వాడుకోవాలంటే ఒక ఫేట్ పాయింట్ ఇచ్చి డైస్ మొత్తానికి రెండు కలుపుకోవాలి లేదా డైస్ మళ్ళీ వేసుకోవాలి. అర్థం వదులు, ధర బిగుతు. ఎంత అందంగా వర్ణించినా రెండే, మొహమాటంగా చెప్పినా రెండే.

నాకు అన్నిటికంటే పనికొచ్చింది 2017లో వచ్చిన జాన్ హార్పర్ గేమ్, బ్లేడ్స్ ఇన్ ది డార్క్. అందులో ప్లేయర్ ఏ పనైనా చెప్పొచ్చు. కానీ డైస్ ముట్టుకోకముందే జీఎం రెండు విషయాలు బయటికి చెప్పాలి: ఇది ఎంత ప్రమాదం, ఫలితం ఎంత పెద్దది. రెండింటికీ మూడేసి మెట్లున్నాయి. అది విన్నాక ప్లేయర్ వెనక్కి తగ్గొచ్చు, పద్ధతి మార్చొచ్చు, అడగొచ్చు. ఇది చదివినప్పుడు నా తప్పు ఏంటో ఒక్కసారిగా తెలిసొచ్చింది. నూనెకు రూల్ లేకపోవడం తప్పు కాదు. డైస్ ఆగిపోయాక, 14 చూశాక, అప్పుడు నేను "ఇద్దరు" అనే అంకె కల్పించాను. తను దేనికోసం డైస్ వేస్తోందో తనకు తెలీదు, నాకూ తెలీదు.

ఆ ప్రశ్న విన్న వారం నుంచే మేం ఒక నోట్‌బుక్ పెట్టుకున్నాం. నేను ఇచ్చిన ప్రతి రూలింగ్ అందులో రాయడం, మళ్ళీ అదే సందర్భం వస్తే అదే అమలు చేయడం. మొదటి ఎంట్రీ మెట్ల మీద నూనె, "పైకి ఎక్కేవాళ్ళలో ముందు వరస పడుతుంది". ఆరు నెలలు తిరిగేసరికి నలభై దాకా ఎంట్రీలయ్యాయి. తడి తాడు, గుర్రం మీద నుంచి దూకడం, కుర్చీతో కొట్టడం, పొగ. ఒక కొత్త ప్లేయర్ వచ్చి అది తిరగేసి "ఇదంతా చదివి రావాలా?" అని అడిగాడు. చిన్న రూల్‌బుక్ గేమ్ ఆడుతున్నామనుకుంటూనే మేం రెండో రూల్‌బుక్ రాసేశాం. ఆ సాయంత్రం అందరం కూర్చుని చాలావరకు కొట్టేశాం. ప్రాణం పోయే చోట్లు ఉంచాం: ఎత్తు నుంచి పడితే ఎంత దెబ్బ, నీళ్ళలో ఊపిరి ఎంతసేపు, విషం తాగితే ఏంటి. అవి మాటకారితనంతో మారకూడదని అందరూ ఒప్పుకున్నారు. మిగతావాటికి బదులు నోట్‌బుక్ అట్ట మీద ఒకటే రాసుకున్నాం, డైస్ వేయకముందే జీఎం ఫలితం చెప్పాలి, గెలిస్తే ఏంటి, ఓడితే ఏంటి.

ఈ పద్ధతికి లోటు లేకపోలేదు. ఆట కొంచెం నెమ్మదించింది, డైస్ ఆగేదాకా ఊపిరి బిగబట్టే ఉత్కంఠ కొంత తగ్గింది, ఎందుకంటే ఏం రాబోతోందో సగం ముందే విన్నారు. రహస్యంగా ఉంచాల్సిన సంగతులున్నప్పుడు నేను ఇంకా తడబడుతూనే ఉన్నాను, తలుపు వెనక ఎవరున్నారో చెప్పకుండా తలుపు తన్నితే వచ్చే ప్రమాదం ఎంతో ఎలా చెప్పాలి?

పోయిన నెల మళ్ళీ మెట్లు వచ్చాయి. ఈసారి గుండ్రంగా తిరిగే బురుజు మెట్లు, కింద నుంచి సైనికులు. నూనె సీసా ఆ అమ్మాయి దగ్గరే ఉంది. డైస్ చేతిలోకి తీసుకోకుండా నన్ను చూసింది. "గెలిస్తే ముందున్న ముగ్గురూ దొర్లుకుంటూ కిందికి పోతారు, దారి మూసుకుపోతుంది. ఓడితే నూనె నీ కాళ్ళ దాకా వస్తుంది" అన్నాను. కాసేపు ఆలోచించింది. "అయితే నేను నిలబడ్డ మెట్టు మీద కాదు. కింద ఆ మలుపు ఉందన్నావు కదా, అక్కడికి సీసా విసిరితే? అక్కడ వాళ్ళకు కనపడదు, నాకు దూరం." అలా అయితే పగిలే చోటు గ్యారంటీ లేదన్నాను. దారం కట్టి దింపుతానంది. దానికి సమయం పడుతుందన్నాను. "ఎంత?" అంది. ఒక వంతు అన్నాను. పక్కనున్న యోధుడి వైపు తిరిగి "ఆ ఒక్క వంతు నువ్వు ఆపగలవా?" అని అడిగింది. మా టేబుల్ దగ్గర తను అంతసేపు మాట్లాడటం నేను చూడటం అదే మొదటిసారి, డైస్ ఇంకా ఎవరూ ముట్టుకోలేదు.